ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ

(వాడుక – వివేకం)

గత సంచికలో వంటయింటి గ్యాసు గొట్టం గురించి ముచ్చటించుకున్నాము. అది చదివి పాత గొట్టం మార్చుకున్నామని కొందరు సోదర ఉద్యోగుల ఇళ్ళనుండి కబురు వచ్చింది. ఈ శీర్షికకు అంతకంటె వేరే బహుమానం అక్కరలేదు. ఈసారి ఇల్లు దాటి వీధిలోకి వద్దాము. మన కాలనీలో సైతం ఈ మధ్య ఎనిమిది, పదేళ్ళు వాడిన ఖరీదైన విదేశీ కార్లను చవుకగా కొంటున్న యువకులు కనిపిస్తున్నారు. అటువంటి కారుకు టైర్లు అరిగినప్పుడు చవుక టైర్లు వేయించవచ్చునా, కూడదా అన్నది ఈ నెల విషయం. ఇది పుస్తకంలో చూచిన ప్రశ్న కాదు. మా అక్కయ్యగారింట మూడు రోజులపాటు భోజనాల దగ్గర నడిచిన చర్చ.

మా బావగారు రైల్వేలో ఇంజను డ్రైవరుగా పదవీ విరమణ చేసి హిజ్లీలో స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న ఈ హిజ్లీ పేరు చెప్పగానే పెద్దలకు 1931 సెప్టెంబరు 16వ తేదీ గుర్తుకు వస్తుంది. ఆనాడు అక్కడి నిర్బంధ శిబిరంలో జరిగిన పోలీసు కాల్పులకు సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు దేశభక్తులు బలియైనారు. అదే భవనంలో 1951లో దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. ప్రారంభమైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుండి ఖరగ్‌పూర్ వర్క్‌షాపును, లోకో షెడ్డును నమ్ముకుని తరతరాలుగా అక్కడ నివసిస్తున్న తెలుగు కుటుంబాలు అనేకం. గోల్‌బజారులో తెలుగు మాట వినబడని పూట ఉండదు. మన చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి శ్రీకాకుళం, భువనేశ్వర్, బాలాసోర్‌ల మీదుగా ఖరగ్‌పూర్‌ను తాకుతూ పోతుంది. అందుచేత అక్కడివారికి స్వస్థలానికి రైలుదారి ఎంత పరిచితమో ఇప్పుడు రోడ్డుదారీ అంతే పరిచితము.

నా మేనల్లుడు కోల్‌కతాలో కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. కొత్త చిన్న కారుకయ్యే ధరకే తొమ్మిదేళ్ళు వాడిన ఒక జర్మను కారు కొన్నాడు. తోలు సీట్లు, ఎనిమిది గాలి సంచులు, అద్దంలాంటి నల్లరంగు. కారు చూచిన అక్కయ్య దిష్టి తీసి నిమ్మకాయలు తొక్కించింది. ఆ నిమ్మకాయలు తొక్కిన టైర్లను మాత్రం ఎవరూ చూడలేదు. వర్షాలు మొదలైన తరువాత బ్రేకు వేసినప్పుడల్లా కారు ఒక అడుగు ముందుకు జారుతున్నదని గమనించినది బావగారే. చూడగా నాలుగు టైర్లూ గుర్తుగీత వరకు అరిగి ఉన్నవి.

అదే సమయంలో శ్రీకాకుళంలో అత్తవారింట ఉన్న మేనకోడలికి ఏడవ నెల. శ్రావణంలో సీమంతం జరిపించి పురిటికి పుట్టింటికి తీసుకురావలెను. రోడ్డున ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారి. "ఇంటిముందు రైలు పెట్టుకుని కారెందుకురా?" అని అక్కయ్య మందలించినది. కాని పెళ్ళిళ్ళ రోజులు కావడంతో రిజర్వేషను దొరకలేదు. దారిలో ఆగుతూ, రాత్రి భువనేశ్వర్‌లో బస చేసి రెండు రోజుల్లో రావచ్చునని డాక్టరుగారు అనుమతించారు. కనుక కారు ప్రయాణం ఖాయమైనది. మిగిలినది టైర్ల సంగతి.

సరిగ్గా ఆ వారమే నేను సెలవుపై హిజ్లీ వెళ్ళడం తటస్థించినది. మేనల్లుడు ఊళ్ళోని దుకాణాలలో మూడు రకాల ధరలు రాసుకుని వచ్చాడు. కారుతోపాటు వచ్చిన విదేశీ కంపెనీ టైరు ఒక్కొక్కటి 18,000 రూపాయలు. పేరున్న దేశీయ కంపెనీ టైరు 11,000. ఎవరూ విని ఎరుగని పేరుగలది 6,500. "మామయ్యా, కొలత మూడింటికీ ఒకటే. నల్లటి రబ్బరే గదా! నేను ఎనభై దాటి నడపను. నాలుగు టైర్లకు 46,000 మిగులుతుంది. చెల్లాయి పురిటి ఖర్చుకు పనికివస్తుంది" అన్నాడు. వాడి లెక్కలో దురాశ లేదు, చెల్లెలి మీద ప్రేమే ఉన్నది. అందుచేతనే జవాబు చెప్పడం కష్టమైనది.

జవాబు చెప్పేముందు నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. 1997లో నేను ఒక పాత కారు కొని, అరిగిన టైర్ల స్థానంలో ఒక దుకాణంలో 'కొత్తవే, సగం ధర' అంటే నమ్మి రెండు వేయించాను. అవి వాడనివి అన్నమాట నిజమే. కాని ఏళ్ళ తరబడి గోదాములో మగ్గి రబ్బరు గట్టిపడినవన్న సంగతి నాకు తెలియదు. మూడవ నెలలో సకుటుంబంగా సింహాచలం వెళ్ళి వస్తుండగా ఒక టైరు పైపొర పట్టాలా ఊడివచ్చింది. కారు రోడ్డు దిగి చేలోకి పోయి ఆగింది. దైవకృపవల్ల ప్రాణాలు దక్కినవి. నా శ్రీమతి కుడి మణికట్టు విరిగింది. నేటికీ చలికాలం వస్తే ఆమె ఆ చేత్తో కవ్వం తిప్పలేదు. ఆనాడు నేను మిగుల్చుకున్న సొమ్ము ఎంతో నాకు గుర్తులేదు గాని, ఆ మణికట్టు మాత్రం ప్రతి ధనుర్మాసంలోనూ గుర్తు చేస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాము. కారు ఎంత పెద్దదైనా నేలను తాకేది నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్కచోట తాకే భాగం మన అరచేయంత. ఇంజను బలం, బ్రేకుల పట్టు, స్టీరింగు తిప్పిన ఫలితం సర్వమూ ఆ నాలుగు అరచేతుల మీదుగానే నేలకు చేరవలెను. చక్రాలు బిగుసుకుని జారకుండా చూచే ఎ.బి.ఎస్. పరికరం కారులో ఉన్నదిగదా అని మేనల్లుడు అడిగాడు. ఆ పరికరం టైరుకున్న పట్టును పూర్తిగా వాడుకొనగలదే గాని, లేని పట్టును పుట్టించలేదు. గాలి సంచులు ఢీకొన్న తరువాత పనిచేసేవి. ఢీకొనకుండా ఆపవలసినది టైరే.

పెద్ద కారుకూ చిన్న కారుకూ తేడా ఇక్కడనే ఉన్నది. చిన్న కారు బరువు సుమారు 850 కిలోలైతే ఈ జర్మను కారు 1,700 కిలోలు. అదే వేగంలో దానిని ఆపడానికి రెట్టింపు శక్తిని హరించవలెను. వేగం పెరిగితే ఆ శక్తి వేగపు వర్గం చొప్పున పెరుగుతుంది. 60 కిలోమీటర్లనుండి 90కి పోతే వేగం ఒకటిన్నర రెట్లే, ఆపవలసిన శక్తి మాత్రం రెండింతలకు పైన. అందుచేత బరువైన కారుకు టైరు ఎంపికలో చేసిన పొరపాటు తేలిక కారులో కంటె ఖరీదైనది.

కొలత ఒకటే అన్న మాటను పరీక్షిద్దామని మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభంమీద అతికించిన చీటీలో కారు తయారీదారు కోరిన టైరు వివరం ఉన్నది: 225/50 ఆర్ 17, 98 డబ్ల్యూ. 225 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 50 అంటే ఆ వెడల్పులో నూటికి యాభై వంతుల ఎత్తు. ఆర్ అంటే రేడియల్ నిర్మాణం. 17 అంగుళాలు చక్రం వ్యాసం. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు సంగతి తరువాత ఉన్నది. 98 అనేది లోడ్ ఇండెక్స్. ఒక్కొక్క టైరు 750 కిలోలు మోయగలదని అర్థం. డబ్ల్యూ అనేది వేగపు గుర్తు. గంటకు 270 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుందని అర్థం. చవుక టైరు మీద చూస్తే 225/50 ఆర్ 17 వరకు సరిపోయినది. ఆపైన ఉన్నది 94 హెచ్. అంటే 670 కిలోలు, 210 కిలోమీటర్లు.

"ఐదుగురం ఎక్కి సామాను వేసుకున్నా రెండు టన్నుల పైచిల్లరే. టైరుకు 550 కిలోలు మించదు. 670 చాలదా?" అన్నాడు మేనల్లుడు. కారు నిలబడి ఉన్నంతసేపు చాలును. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రాలమీదికి వాలుతుంది. మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది. గోతిలో పడ్డప్పుడు క్షణకాలం దెబ్బ మరింత అధికమవుతుంది. మన కర్మాగారంలో క్రేను తాడును ఎత్తవలసిన బరువుకు సరిసమానంగా ఎంచుకోము; కొన్ని రెట్ల అదనపు శక్తి ఉండేలా ఎంచుకుంటాము. టైరుకూ అదే నీతి. వేగపు గుర్తు కూడా 270లో నడపమని ఇచ్చిన అనుమతి కాదు. ఆ వేగంలో పుట్టే వేడిని తట్టుకునేలా నిర్మించినది అని హామీ. మండుటెండలో నిండు బరువుతో గంటల తరబడి హైవేమీద నడిచేటప్పుడు మనకు కావలసినది ఆ హామీయే.

తరువాత టైరు పక్కభాగంలో కోడిగుడ్డు ఆకారపు చట్రంలో ఉండే నాలుగంకెలు చూపించాను. మొదటి రెండంకెలు వారం, చివరి రెండు సంవత్సరం. ఆ చవుక టైరుమీద 1118 అని ఉన్నది. అంటే 2018వ సంవత్సరం 11వ వారంలో తయారైన సరుకు. ఆరేళ్ళు దాటినది. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం కొత్త టైర్ల దిగుమతిపై ఆంక్షలు విధించింది. అంతకు ముందు వచ్చిన నిల్వ ఇంకా ఎక్కడో ఒక మూలన ఉండవచ్చునన్న జాగ్రత్త కొనేవారికి అవసరము. నాకు నా 1997వ సంవత్సరం కళ్ళముందు మెదిలింది. మేనల్లుడు ఆ అంకెలను రెండుసార్లు చదివి మారు మాట్లాడలేదు.

ఇంటికి వచ్చాక బావగారు చెప్పిన మాట నా ఉపన్యాసమంతటికంటె బాగా పనిచేసినది. "ఒరే, రైలింజను చక్రం దగ్గర ఇసుకపెట్టె ఎందుకుంటుందో ఎరుగుదువా? తడిసిన పట్టాలమీద ఉక్కు చక్రం జారుతుంది. అప్పుడు చక్రం ముందు ఇసుక చల్లితే పట్టు దొరుకుతుంది. వర్షాకాలంలో ఇసుక నిండుగా, పొడిగా ఉన్నదని చూచుకోకుండా నేను డ్యూటీ ఎక్కలేదు. మరి నీ కారుకు ఇసుకపెట్టె ఏదిరా?" అన్నారు. కారుకు ఇసుకపెట్టె టైరుమీది గాడులే. అవి నీటిని పక్కలకు తోసివేస్తేనే రబ్బరు నేలను అంటుతుంది. గాడులు అరిగిపోతే నీటిపొరమీద టైరు తేలిపోతుంది, స్టీరింగు మాట వినదు. కొత్త కారు టైరుకు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఆ లోతును తెలిపే చిన్న దిమ్మలు గాడుల అడుగున ఉంటాయి. చట్టం అంతవరకు ఊరుకున్నా, వానకాలంలో 3 మిల్లీమీటర్ల వద్దనే మార్చడం వివేకం.

తడిరోడ్డుమీద పట్టు అన్ని టైర్లకూ ఒకటి కాదు. ఐరోపాలో ప్రతి కొత్త టైరుకూ తడిపట్టు తరగతిని అక్షరంతో సూచిస్తారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో మేలైన తరగతికీ, అట్టడుగు తరగతికీ ఆగే దూరంలో 18 మీటర్ల వరకు తేడా ఉండవచ్చునని అక్కడి అధికారుల లెక్క. అది ఒకటిన్నర బస్సు పొడవు. మేనల్లుడు దాటనని చెప్పిన వేగం అదే ఎనభై. మన దేశంలోనూ మోటారు వాహనాల నిబంధనలకు 2022లో చేసిన సవరణతో తడిపట్టు, దొర్లుడు నిరోధం, శబ్దం అనే మూడింటికి ప్రమాణాలు ఏర్పడినవి. ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేస్తూ 2009లోనే ఉత్తర్వు వెలువడినది.

అట్లని 18,000 రూపాయల టైరే వేయించవలెనా? ఇక్కడనే మన సంస్థలో నిత్యం చేసే పని ఇంటివద్ద కూడా చేయమని నా మనవి. మనము సామగ్రి కొనేటప్పుడు టెండర్లు రెండు కవర్లలో పిలుస్తాము. ముందు సాంకేతిక కవరు తెరుస్తాము. అందులో నెగ్గినవారి ధర కవరే తెరుస్తాము. ఆ తరువాతనే అతి తక్కువ ధర పలికిన ఎల్–1కు ఆర్డరు. సాంకేతిక కవరు తెరవకుండా ఎల్–1కు ఇస్తే ఆడిటు ఊరుకోదు. సాంకేతికంగా నెగ్గిన ఎల్–1ను కాదని పేరు చూచి ఎల్–3కు ఇచ్చినా ఊరుకోదు. టైరుకూ ఇదే పద్ధతి. కొలత, లోడ్ ఇండెక్స్, వేగపు గుర్తు, తయారీ వారం, ఐ.ఎస్.ఐ. ముద్ర, హామీ ఇచ్చే అధీకృత విక్రేత — ఇవి సాంకేతిక కవరు. 6,500 టైరు ఇందులోనే ఓడిపోయినది. దాని ధర కవరు తెరవనక్కరలేదు. నెగ్గినవి రెండు. వాటిలో ఎల్–1 పదకొండు వేలది.

చవుక అన్నది నేరం కాదు, తక్కువ సత్తా అన్నది నేరం. ఈ రెండూ ఒకటి కావు. మన సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్., తిరుపతి జిల్లా చినపండూరులో 2020లో ప్రారంభమైన అపోలో కర్మాగారాలు టైర్లు తయారు చేస్తున్నవి. మన ఊళ్ళ పక్కన తయారైనంత మాత్రాన అవి జర్మను కారుకు తగవన్న చిన్నచూపు అక్కరలేదు. చీటీలోని అంకెలకు సరితూగితే చాలును. విదేశీ టైరులో నిశ్శబ్దం, తడిపట్టు మరికొంత మెరుగుగా ఉండవచ్చు. స్తోమత ఉన్నవారు వేయించుకుంటే తప్పులేదు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే మేనల్లుడికి అది అవసరం కాదు.

లెక్క కూడా వేసి చూద్దాము. ఉదాహరణకు 72,000 రూపాయల జత 45,000 కిలోమీటర్లు, 44,000 రూపాయల జత 40,000, 26,000 రూపాయల జత 20,000 నడిచినవనుకుందాము. కిలోమీటరుకు వరుసగా రూ. 1.60, రూ. 1.10, రూ. 1.30 పడుతుంది. చవుక అనుకున్నది మధ్యరకంకంటె ఖరీదు తేలుతుంది. ఈ కారు లీటరుకు పన్నెండు కిలోమీటర్లు నడిచినా ఇంధనానికే కిలోమీటరుకు ఎనిమిది రూపాయలపైన. దాని పక్కన టైరు ఖర్చు ఏపాటి?

ఒక చిక్కు మాత్రం మేము చివరి క్షణంలో గాని గమనించలేదు. ఆ కారుకు మొదట ఉన్నవి గాలి పోయినా నెమ్మదిగా కొంత దూరం నడవగల రన్‌ఫ్లాట్ టైర్లు. అందుచేత డిక్కీలో స్టెప్నీయే లేదు! మామూలు టైర్లు వేయిస్తే చిలికా ఒడ్డున రాత్రివేళ పంక్చరైతే గతి ఏమిటి? స్టెప్నీ, గాలిపంపు కలిపి మరో ఎనిమిదివేలు అయినవి. మొత్తం 52,000. ఈ సంగతి ఏ దుకాణదారూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇటువంటి కారు ఉన్నవారు ముందే డిక్కీ తెరచి చూచుకొనవలెను.

అక్కయ్య 52,000 అనగానే గుండెమీద చేయి వేసుకున్నది. బావగారు నవ్వి, "ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీయా? కారు చవుకగా వచ్చింది, నిజమే. దాని తిండి చవుకగా రాదు" అన్నారు. నిజానికి ఈ సంగతి కారు కొనేముందే ఆలోచించవలసినది. పాత విలాసకారు ధర తగ్గుతుంది గాని దాని బరువు తగ్గదు, దాని టైరు కొలత తగ్గదు. కొనేనాడు టైర్లకు, బ్రేకులకు సొమ్ము పక్కన పెట్టలేనివారు ఆ ధరకే వచ్చే కొత్త చిన్న కారు కొనుక్కోవడం మేలు. ఉన్నది 26,000 మాత్రమే అయితే మంచి టైర్లు రెండు వేయించి, వాటిని వెనుక చక్రాలకు అమర్చవలెను. కొత్తవి ముందే వేయాలని చాలామంది అనుకుంటారు. తడిలో వెనుక పట్టు తప్పితే కారు గిరగిర తిరుగుతుంది, దానిని సరిచేయడం సామాన్య డ్రైవరుకు సాధ్యం కాదు. ముందువి కూడా గీతవరకు అరిగి ఉంటే మాత్రం సొమ్ము కూడేవరకు కారును ఇంటనే ఉంచవలెను.

మేనకోడలు రెండు రోజుల్లో హిజ్లీ చేరినది. బరంపురం దాటినప్పటినుండి కుండపోత వానట. "దారిలో విశేషమేమిటిరా?" అని ఫోనులో అడిగాను. "ఏమీ లేదు మామయ్యా, చెల్లాయి దారిపొడుగునా నిద్రపోయింది" అన్నాడు. భద్రతా విభాగంలో ఇన్నేళ్ళు పనిచేసిన నాకు అంతకంటె మంచి నివేదిక అందలేదు. ఆశ్వయుజంలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

పాఠక మిత్రులకు ఈ ఆదివారానికి ఒక చిన్న పని. కారైనా, స్కూటరైనా, మీ వాహనం టైరుమీద నాలుగంకెలు చదివి ఒక కాగితంమీద రాసుకోండి. గాడుల అడుగున దిమ్మలు పైకి వచ్చినవేమో చూడండి. పిల్లలచేత చదివిస్తే వారికీ ఒక విద్య అబ్బుతుంది. అనుమానం ఉన్నవారు ఆ కాగితం తెచ్చి నాకు చూపవచ్చును. వచ్చే సంచికలో పాత భవనాలలోని విద్యుత్తు తీగల గురించి ముచ్చటించుకుందాము.